కింది శ్రుతి

భజనలో పాడేది దేవుడు వినడానికా, పాడేవాళ్ళు వినడానికా అన్న అనుమానం అంజనప్పకు మీసాలు రాకముందు నుంచీ ఉంది. చిన్నతనంలో ఒకసారి తండ్రిని అడిగితే, ముందు తాళం తప్పకుండా వెయ్యడం నేర్చుకో, ఎవరు వింటున్నారో తరువాత చూద్దామని ఆయన కసిరాడు. తాళం తప్పకుండా వెయ్యడం వచ్చింది, కొన్నాళ్ళకు తండ్రి పోయాడు, హోసూరు భజన మందిరంలో శనివారం శనివారం ముందు కూర్చుని పాట ఎత్తుకునే వంతు తనకే వచ్చింది. అనుమానం మాత్రం పంటి సందున ఇరుక్కున్న చెరకు పీచులాగా అక్కడే ఉండిపోయింది. దేవుడికి మనసులో అనుకున్న మాట కూడా తెలుస్తుందంటారు కదా, అలాంటప్పుడు ఇంత గొంతు చించుకోవడం ఎందుకు? కాదు, మన మనసు కుదుటపడడానికే పాడుకుంటున్నామంటే, ఆయన పేరు మధ్యలోకి లాగడం ఎందుకు?

నమ్మకం లేక పుట్టిన అనుమానం కాదది. పొద్దున్నే నామం పెట్టుకుని, దేవుడి ముందు దీపం వెలిగించకుండా అంజనప్ప కాఫీ ముట్టడు. బాగలూరు రోడ్డులో ఆయనకు తాళ్ళు, గోనెసంచులు, విత్తనాలు అమ్మే అంగడి ఉంది. కెలవరపల్లి దగ్గర కొంచెం చేను ఉంది. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. గొంతు మాత్రం గొప్పది, పై శ్రుతి గొంతు. మొగుడు పాట ఎత్తుకుంటే బస్టాండులో దిగినవాళ్ళకు కూడా పుణ్యం వస్తుందని భార్య తిమ్మక్క ఎగతాళి చేసేది.

తొంభై ఆరో సంవత్సరం దీపావళి దాటాక ఆయన కొడుకు ఉదయ్ కుమార్‌కు కూతురు పుట్టింది. పవిత్ర అని పేరు పెట్టుకున్నారు. ఉదయ్ ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోయేవాడు. కోడలు ప్రతిభ పుట్టినింట్లో మూడు నెలలు ఉండి, బిడ్డను ఎత్తుకుని హోసూరు వచ్చింది. భజన చేసే ఇంట్లో బిడ్డ చెవిన మొదట మంచి పాట పడాలని అంజనప్ప పట్టుదల. ఉదయ్ పెళ్ళికి వచ్చిన టేప్ రికార్డర్ ఒకటి బీరువా మీద గుడ్డ కప్పుకుని కూర్చుని ఉంది. దాన్ని దించి, దుమ్ము తుడిచి, బస్టాండు దగ్గర క్యాసెట్ల అంగడి పెట్టుకున్న రాజప్ప దగ్గరికి పోయాడు. మూడు నెలల పాపకు ఏ పాటలు మంచివి అని అడిగాడు.

రాజప్ప ఆ అంగట్లో కూర్చుని మూడు భాషల్లో సంసారం చేసేవాడు. తమాషా లేకుండా ఎవరికీ క్యాసెట్ ఇవ్వడు.

"పాప ఏ బాసలో ఏడుస్తాదప్పా? దాన్ని బట్టి ఇస్తాను."

"ఈడ ఉంటే తెలుగులో ఏడుస్తాది. వాళ్ళమ్మ పుట్టినింటికి పోతే కన్నడంలో ఏడుస్తాది," అన్నాడు అంజనప్ప.

"అట్లయితే మాటలు లేనివే మేలు," అని రాజప్ప వేణువు ఒకటి, వీణ ఒకటి ఇచ్చాడు. అంజనప్ప మనసు ఒప్పుకోక, నామకీర్తనలది కూడా ఒకటి అడిగి తీసుకున్నాడు. బిడ్డ ఏది మెచ్చుతుందో చూసి, మెచ్చనివి తిరిగి తెచ్చి వేరేవి తీసుకుపొమ్మని రాజప్ప చెప్పాడు.

తిరిగి ఇవ్వాల్సిన పని పడలేదు. ఏది పెట్టినా పవిత్ర మెచ్చింది. ఏడుస్తున్నది టేప్ రికార్డర్ ముందు పడుకోబెట్టగానే ఊరుకునేది. కళ్ళు పెద్దవి చేసుకుని, రెప్ప వాల్చకుండా దానివైపే చూసేది. పాట అయ్యేదాకా కాళ్ళు కూడా ఆడించేది కాదు. ఒక పక్క అయిపోయి క్యాసెట్ టక్కుమని ఆగగానే మళ్ళీ ఏడుపు ఎత్తుకునేది. ఇంత పసిబిడ్డకు ఇంత ఏకాగ్రత ఏమిటని అంజనప్ప మురిసిపోయి భజన మందిరంలో చెప్పాడు. హార్మోనియం వాయించే నంజప్ప, ఆయనకంటే పెద్దవాడు, ఇంటికి వచ్చి కళ్ళారా చూసి, ఎవరో మహానుభావుడు చేస్తూ చేస్తూ వదిలిపెట్టిన జపం ఈ బిడ్డ పూర్తి చేస్తోందని తేల్చేశాడు. ఆ మాట వీధిలో పాకింది. శనివారం వస్తే ఆడవాళ్ళు పూలు, తమలపాకులు పట్టుకుని వచ్చి, పాట వింటున్న పాపకు దూరం నుంచి దండం పెట్టేవాళ్ళు. ఎదురింటి పుట్టమ్మ అయితే తన మోకాళ్ళ నొప్పికి పాప చేయి తాకించుకుని పోయింది. నొప్పి తగ్గిందని కూడా చెప్పింది.

తల్లి ప్రతిభకు ఈ గొడవ నచ్చేది కాదు. ఆమె జోల పాడితే పాప ఊరుకోదు, టేప్ రికార్డర్‌కు ఊరుకుంటుంది. తన గొంతు కంటే ఆ డబ్బా గొంతే ఎక్కువైందా అని ఒకరోజు అత్తతో అన్నది. పెద్దయితే నీ వెంటే తిరుగుతుందిలే అని తిమ్మక్క సర్ది చెప్పింది.

మార్చి నెల. అంజనప్ప చిన్న కూతురు మంజు ప్లస్ టూ పరీక్షలకు చదువుకుంటోంది. మధ్యాహ్నం పూట, నాయనా కొంచెం తగ్గించు, తలకాయ పగిలిపోతోంది అని లోపలి గది నుంచి అడిగింది. అంజనప్ప మీట తిప్పాడు. ఇంకా తగ్గించమంది. ఇంకా తిప్పాడు. చివరికి మీట మొత్తం తిరిగిపోయి శబ్దం ఆగింది. క్యాసెట్ మాత్రం తిరుగుతూనే ఉంది.

పవిత్ర ఏడవలేదు. అదే చూపు, అదే చిరునవ్వు. అద్దం వెనక తిరుగుతున్న రెండు చిన్న చక్రాలనే చూస్తోంది.

అంజనప్పకు మొదట నవ్వు వచ్చింది. తరువాత ఆ నవ్వు ఎందుకో సగంలోనే ఆగిపోయింది. పాప వెనకకు వెళ్ళి పేరు పెట్టి పిలిచాడు. తిరగలేదు. చిటిక వేశాడు. తిరగలేదు. దేవుడి గదిలోకి పోయి తాళాలు తెచ్చాడు, తండ్రి చేతిలో మోగినవి, తన చేతిలో మోగినవి. పాప తల వెనక చేరి మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి కొట్టాడు. లోపలి గది నుంచి మంజు విసుక్కుంది. వాకిట్లో పడుకున్న కుక్క లేచి చెవులు దులుపుకుంది. పాప చక్రాలు చూస్తూ నవ్వుతోంది.

ఆయన తాళాలు ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. తిమ్మక్క వచ్చి ఏమైందని అడిగితే, పాప తల వెనక మళ్ళీ ఒకసారి తాళం కొట్టి చూపించాడు.

కృష్ణగిరిలో చెవుల డాక్టరు చూసి బెంగుళూరుకు పంపాడు. బెంగుళూరులో మెషిన్ పెట్టి పరీక్ష చేసి మళ్ళీ కృష్ణగిరికి పంపారు. ఆ కాగితాలు చూసి డాక్టరు నిదానంగా విడమరిచి చెప్పాడు. ఈ పాపకు సన్న శబ్దాలు అందవు. వేణువు, తాళం, ఆడవాళ్ళ మాట, ఇవేవీ అందవు. లావు శబ్దాలు ఎంతో కొంత అందుతున్నట్టున్నాయి. ఇంకొంచెం పెద్దయ్యాక చెవికి మెషిన్ పెట్టించవచ్చు, మాటలు నేర్పించవచ్చు. అప్పటిదాకా ఇంట్లో శబ్దం ఆపకండి. ఎత్తుకుని, గుండెకు ఆనించుకుని మాట్లాడండి, పాడండి. ఏది అందుతుందో మీరే వెతుక్కోవాలి. ఏ శబ్దమూ సంతోషం ఇవ్వకపోతే పిల్ల వినడమే మానుకుంటుంది, ఆ తరువాత మెషిన్ పెట్టినా కష్టం అన్నాడు.

ఇంటికి వచ్చాక మరుసటి రోజు నుంచి ప్రతిభ జోల పాడడం మానేసింది. పాపను ఊరికే ఊపి పడుకోబెట్టేది. పాడమ్మా, డాక్టరు చెప్పినాడు కదా అని అంజనప్ప అంటే, ఆమె తల వంచుకునే జవాబు చెప్పింది.

"ఎవరికి పాడేది మామా? నా గొంతు దానికి చేరనే చేరదని చెప్పినారు కదా. గోడకు పాడినట్లు ఉండాది నాకు."

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. వినేవాళ్ళు లేకుండా పాడడం ఎలాగో నలభై ఏళ్ళుగా భజన చేస్తున్న తనకే తెలియదు, ఆ పిల్లకు ఏం చెప్పగలడు? ఆ శనివారం పాట ఎత్తుకున్నాడు కానీ, ఆ పై శ్రుతి తన చెవికే పరాయిదిగా వినిపించింది. ఇంత పైన పాడుతున్నాను, మూలన కూర్చున్న దేవుడికి అందుతోందో లేదో తెలియదు, ఒళ్ళో కూర్చున్న బిడ్డకు మాత్రం అందదు అనుకున్నాడు.

క్యాసెట్లు తీసుకుని మళ్ళీ రాజప్ప దగ్గరికి పోయాడు. సంగతి విన్న రాజప్ప ఈసారి తమాషా చెయ్యలేదు. అంగట్లో ఉన్న మృదంగం, డోలు, ఉరుమి మేళం, అన్నీ వెతికి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి ఒక్కొక్కటి పెట్టి చూశారు. పాప చక్రాలనే చూసింది. డబ్బా మీద గుడ్డ కప్పి పెడితే ఏడ్చింది. మళ్ళీ పోయి చెబితే రాజప్ప కాసేపు ఆలోచించి, తప్పు పాటలది కాదు, డబ్బాది అన్నాడు. అంత చిన్న డబ్బాలో నుంచి లావు శబ్దం బయటికి రాదు, వచ్చేది దాని నీడ మాత్రమే. నిజమైన తోలు, నిజమైన చెయ్యి కావాలి అన్నాడు.

అప్పుడు అంజనప్పకు మారప్ప గుర్తుకు వచ్చాడు.

మారప్పది అడవి అంచున ఉన్న జవళగిరి. గొర్రెలు మేపుకునే కుటుంబం. ఎండాకాలం రాగానే మందను తోలుకుని కెలవరపల్లి వైపు దిగేవాడు. రైతుల చేలల్లో రాత్రిళ్ళు మంద కడితే ఎరువు చేనికి, అందుకు బదులు రాగులు మారప్పకు. ఒక చేను వదిలి ఇంకో చేనికి కదిలే పొద్దున మందకు పూజ చేసి డొల్లు కొట్టడం వాళ్ళ ఆచారం. డొల్లు అంటే నడుముకు కట్టుకుని, ఒకవైపు కర్రతో, ఒకవైపు అరచేత్తో వాయించే పెద్ద డోలు. ఏటా తన చేనిలో అది మోగుతూనే ఉన్నా, అది గొర్రెల వ్యవహారం అనుకున్నాడే తప్ప, సంగీతమని అంజనప్ప ఏనాడూ చెవి పెట్టి వినలేదు.

మంద కదిలే పొద్దు తెలుసుకుని అందరినీ చేనికి తీసుకుపోయాడు. ప్రతిభ రానన్నది. మళ్ళీ ఆశపడి మళ్ళీ ఏడవడం నా చేత కాదు అత్తా అన్నది. తిమ్మక్క బిడ్డను చంకనెత్తుకుని ముందు నడిచింది, బిడ్డ వెంట తల్లి నడవక తప్పలేదు.

ఎండ ఇంకా ముదరలేదు. మారప్ప భార్య దొడ్డమ్మ గొర్రెలకు పసుపు నీళ్ళు చల్లింది. పవిత్ర అంజనప్ప చేతుల్లో మందవైపు తిరిగి ఉంది. మారప్ప వాళ్ళకు వెనక, కానుగ చెట్టు కింద, డొల్లు నడుముకు బిగించుకుంటున్నాడు. పాప ఆయన్ని చూడలేదు.

మొదటి దెబ్బ పడింది.

చేతుల్లో పిల్ల ఉలిక్కిపడడం అంజనప్పకు తెలిసింది. రెండో దెబ్బకు మెడ తిప్పింది. అటు చూసింది, ఇటు చూసింది, తాత భుజం మీదుగా వెనక్కి వంగి వెతికింది. డొల్లు కనపడగానే రెండు చేతులూ చాచి, ఇంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ వినని ఒక కేక పెట్టింది. మారప్ప కొట్టడం ఆపితే వెతికిన కళ్ళు చిన్నబోయాయి. మళ్ళీ కొడితే మళ్ళీ వెలిగాయి.

తిమ్మక్క పేడ, పెంటిక చూసుకోకుండా నేల మీద కూలబడిపోయింది. ప్రతిభ పరుగెత్తుకుని వచ్చి బిడ్డను అందుకుని, ఇంకోసారి కొట్టన్నా, ఇంకోసారి కొట్టు అని మారప్పను బతిమాలింది. మారప్పకు ఏమీ అర్థం కాలేదు. పూజకు కొట్టేది కొట్టేశాను, ఇంక ఎక్కువ కొడితే గొర్రెలు పారిపోతాయమ్మా అన్నాడు. సంగతి తెలిశాక మాత్రం గొర్రెలను దొడ్డమ్మకు వదిలేసి, ఎండ నెత్తికెక్కేదాకా ఆ చెట్టు కిందనే కొట్టాడు.

ఆ ఎండాకాలమంతా మంద ఆ చుట్టుపక్కల చేలల్లోనే తిరిగింది. తీరిక దొరికినప్పుడల్లా మారప్ప డొల్లు భుజాన వేసుకుని హోసూరుకు వచ్చేవాడు. పాప పాదాలు డొల్లు తోలుకు ఆనించి మెల్లగా వాయించేవాడు. పాదాల నుంచి నవ్వు పైకి పాకడం చూసేవాళ్ళకు తెలిసేది. వీధిలో వాళ్ళు, జపం చేసే పాప డొల్లుకు గంతులేస్తోందేమిటని నంజప్పను ఆటపట్టించారు.

ఒకరోజు అంజనప్ప పాపను ఒళ్ళో పెట్టుకుని, అలవాటు ప్రకారం పై శ్రుతిలో నామం ఎత్తుకున్నాడు. పాప చొక్కా గుండీతో ఆడుకుంటోంది. మారప్ప చూసి తల అడ్డంగా ఊపాడు.

"అన్నా, మా గొర్రెపిల్లలు తల్లి కడుపుకు చెవి ఆనించి పండుకుంటాయి, ఆకాశానికి కాదు. నువ్వు మీద మీద పాడితే దానికి యాడ అందుతాది? నువ్వే కిందికి దిగిరా."

అని, తాను గొర్రెలను పిలిచే పద్ధతి చూపించాడు. నోరు మూసుకుని, రొమ్ములో నుంచి తీసే బండ నాదం అది. మాట ఉండదు, ఒక ఎత్తు, ఒక వంపు, అంతే. అంజనప్ప ప్రయత్నించాడు. జీవితమంతా పైకి పాకడమే నేర్చిన గొంతు కిందికి దిగనని మొరాయించింది. దగ్గు వచ్చింది. తిమ్మక్క వంటింట్లో నుంచి, గేదె ఈనుతోందా అని అడిగింది. ఆయన పట్టు విడవలేదు. పాపను బోర్లా రొమ్ము మీద పడుకోబెట్టుకుని, ఆ గొర్రెల పిలుపు వరసలోనే, రామా అని పొడుగ్గా, లావుగా తీశాడు. పాప ఆడుకోవడం ఆపింది. చెంప ఆయన రొమ్ముకు గట్టిగా ఆనించింది. పాట ఆగగానే చిన్న అరచేత్తో రొమ్ము మీద చరిచింది. మళ్ళీ పాడాడు. ఆగితే మళ్ళీ చరిచింది.

ఈ వరసలో దేవుడి పేరు పిలిస్తే గొర్రెలన్నీ భజనకు వస్తాయి, చెప్పులు జాగర్త అన్నాడు మారప్ప.

ఆ ఇంట్లో పాటలు ఎంచుకునే పని అప్పటి నుంచి పాపదే. చరిచిందంటే కావాలని, తోసిందంటే వద్దని. హడావిడి పాటలు తోసేసేది. సాగే పాటలు, మ, న లాంటి మూసిన నోటి అక్షరాలు ఎక్కువున్నవి ఉంచుకునేది. అంజనప్ప ఎంతో ఇష్టంగా పాడే పెద్ద కీర్తనలు చాలావరకు తోపుడు పాలయ్యాయి. పిండి రుబ్బే గ్రైండర్ వేస్తే పాకుకుంటూ పోయి దాని పక్కన కూర్చునేది. తిమ్మక్క ఆ గురగురకే పదాలు కట్టి, ఇడ్లీ మీద, దోసె మీద, కృష్ణుడి వెన్న మీద ఏదో ఒకటి పాడేది. అది భక్తి కాదు, తిండి అని మొగుడు అంటే, నైవేద్యం పెట్టేటప్పుడు రెండూ ఒకటే కదా అనేది. ఆ మాటకు ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడం మొదటిసారి హాయిగా అనిపించింది.

ఒక సాయంత్రం అంగడి నుంచి వచ్చేసరికి ప్రతిభ గడప మీద కూర్చుని ఉంది. పాప వీపు తన రొమ్ముకు ఆనించుకుని, ఎవరూ వినరనుకుని, కళ్ళు మూసుకుని, గొంతు ఎంత కిందికి పోతుందో అంత కిందికి దించి జోల పాడుతోంది. బొంగురుగా, వంకరటింకరగా ఉంది. పాప చెయ్యి వెనక్కి పెట్టి తల్లి మెడ పట్టుకుని ఉంది. అంజనప్ప చెప్పులు చేత్తో పట్టుకుని పక్క సందులో నుంచి పెరటి దారిన ఇంట్లోకి పోయాడు. దేవుడి ముందు నిలబడితే ఏమి కోరాలో గుర్తురాలేదు. ఊరికే దండం పెట్టుకున్నాడు.

వానలు మొదలై, చేలల్లో దుక్కులు ప్రారంభం కాగానే మారప్ప మంద తిరిగి అడవి వైపు బయలుదేరింది. తిమ్మక్క దొడ్డమ్మకు చీర పెట్టింది. రాగులు రెట్టింపు కొలవబోతే మారప్ప ఒప్పుకోలేదు. ఎరువుకు ఎంతో అంతే, డొల్లుకు కూలి తీసుకుంటే మా దేవుడు ఊరుకోడు అన్నాడు. మరి నీ ఋణం ఉంచుకోమంటావా అని అంజనప్ప అడిగాడు.

"ఉంచుకో. పాపకు మాటలొచ్చినంక ఒగసారి నన్ను తాతా అని పిలిపించు. అదే నా కూలి," అన్నాడు మారప్ప.

దొడ్డమ్మ పక్క నుంచి, సొంత మనవళ్ళు పిలిస్తే పలకడు, ఈయనకు అప్పు మనవరాలు కావాలంట అన్నది. అందరూ నవ్వారు.

శనివారం భజనకు అంజనప్ప పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు, కింది శ్రుతిలో పాడేవాడు. ఇదేం పాట అప్పా, దున్నపోతు దాహానికి పోయినట్టుంది అని నంజప్ప మొదట్లో ఈసడించాడు. హార్మోనియం ఒక దారి, పాట ఒక దారి అయ్యాయి. కొన్ని వారాలు అలాగే గడిచాయి. ఒక శనివారం నంజప్ప హార్మోనియం మీద చేతిని ఎడమవైపుకు జరిపి, కింది మెట్టు పట్టాడు. పాప లేచి, పాకుతూ పోయి, రెండు చేతులూ హార్మోనియం పెట్టె మీద ఆనించి నిలబడింది. నంజప్ప కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తరువాత పవిత్ర వచ్చిన ఏ శనివారమూ మెట్టు మార్చలేదు. గొంతు పైకి పోని ముసలివాళ్ళు, అంతవరకు పెదాలు మాత్రమే కదిపేవాళ్ళు, ఇప్పుడు గొంతెత్తి పాడసాగారు. మందిరంలో ఇన్ని గొంతులున్నాయని అప్పటిదాకా అంజనప్పకు తెలియదు.

మూడో ఏడు నిండాక చెవికి మెషిన్లు పెట్టించారు. లోకంలో సన్న శబ్దాలు కూడా ఉన్నాయని తెలిసి పాప కొన్నాళ్ళు కంగారుపడింది, పిచ్చుకలను చూసి ఏడ్చింది. తరువాత అలవాటు పడింది. కృష్ణగిరిలో మాటలు నేర్పే సుమ టీచరు దగ్గరికి తిమ్మక్క బస్సులో తీసుకుపోయి తీసుకువచ్చేది. అమ్మ వచ్చింది. అవ్వ వచ్చింది. తాత రావడానికి చాలాకాలం పట్టింది. త అనే అక్షరం గాలిలో ఎక్కడో జారిపోయేది. అది వచ్చేనాటికి మారప్ప లేడు.

లేడంటే, ఎక్కడున్నాడో తెలియదు. హోసూరు చుట్టూ చేలు పోయి షెడ్లు వచ్చాయి, గులాబీ తోటలు వచ్చాయి. మంద కట్టే చోటు లేక మారప్ప రావడం మానేశాడు. అంజనప్ప జవళగిరికి పోయి అడిగితే, గొర్రెలు అమ్మేసి కూతురి ఊరి వైపు కూలికి పోయినాడని, ఏ ఊరో తెలియదని చెప్పారు. పవిత్ర తనను తాతా అని పిలిచినప్పుడల్లా సంతోషం వెనకనే ఒక చిన్న ముల్లు కదిలేది. ముందు పిలిపించుకోవాల్సిన మనిషి ఇంకొకడున్నాడు.

రెండువేల ఐదో సంవత్సరం, మామిడికాయల కాలం. కృష్ణగిరి బస్టాండులో తిమ్మక్క మనవరాలితో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన గంపలో కాయలు పెట్టుకున్న ఒక ముసలామె ఆమెను ఎగాదిగా చూసింది.

"ఏమమ్మా తిమ్మక్కా, మా ఆయన బాకీ ఎగ్గొట్టి ఈడ తిరుగుతాండావా?"

దొడ్డమ్మ. కావేరిపట్టణం దగ్గర మామిడితోటలో మారప్ప కాపలా ఉంటున్నాడని, వాళ్ళ గుడిసె కూడా అక్కడేనని చెప్పింది. తిమ్మక్క పాపను ముందుకు తోసి చూపించింది. ఇంత పొడుగైందా అని దొడ్డమ్మ ముక్కున వేలేసుకుంది. ఆ రాత్రి సంగతి విన్న అంజనప్ప, ఆదివారం దాకా ఆగడం ఎందుకని, మరుసటి రోజే అంగడి మూసేసి మనవరాలిని తీసుకుని బయలుదేరాడు.

తోట ఏటి ఒడ్డున ఉంది. కరెంటు లేనట్టుంది, బావి దగ్గర ఆయిల్ ఇంజను నడుస్తోంది. ఆ మోతకు కొమ్మల మీద ఆకులు వణుకుతున్నాయి. నీళ్ళు మళ్ళించడానికి కాలువకు మట్టితో మడవ కడుతున్న మారప్ప చిక్కిపోయాడు, మీసం పూర్తిగా నెరిసింది. అంజనప్పను చూసి పార అవతల పారేసి వచ్చాడు. ఇద్దరూ ఏదో అనుకున్నారు, ఒకరి మాట ఒకరికి వినపడలేదు. అంజనప్ప పవిత్రను చూపించి, మారప్పను చూపించి, పిలువమ్మా అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె నోరు తెరిచి పిలిచింది. మారప్ప చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినపడలేదని తల ఊపి, ఇంజను ఆపడానికి తిరిగాడు.

వినపడకపోవడం పవిత్రకు కొత్త కాదు. అప్పుడు ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. గబగబా పోయి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ మట్టి చేతిని తన గొంతు మీద పెట్టుకుంది. త రాని రోజుల్లో సుమ టీచరు ఆమె చేతిని అలాగే తన గొంతు మీద పెట్టుకుని నేర్పేది. ఆయన కళ్ళలోకి చూస్తూ, కింది గొంతుతో, నిదానంగా పిలిచింది.

"మారప్ప తాతా."

మారప్ప చెయ్యి కదలలేదు. ఆయన ముఖంలో ముందు ఆశ్చర్యం, తరువాత సిగ్గు లాంటిది, తరువాత అదుపు తప్పిన నవ్వు వచ్చాయి. రెండో చేత్తో తలగుడ్డ లాగి ముఖం తుడుచుకున్నాడు. ఇంజను అలాగే మోగుతోంది. ఆయన అంజనప్ప దగ్గరికి జరిగి, చెవిలో నోరు పెట్టి అరిచాడు.

"బాకీ తీరిందన్నా. ఇంగొగసారి పిలవమను. అది వడ్డీకి."

చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పవిత్ర ఆయన చేతిని గొంతు మీద నుంచి తియ్యనేలేదు. మళ్ళీ పిలిచింది.